డాక్యుమెంటేషన్ విభాగానికి ఓవర్‌వ్యూ పేజీ: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ పెరిగేకొద్దీ పేజీలను విభాగాలుగా సర్దక తప్పదు. సర్దిన మరుక్షణం ఒక ప్రశ్న ఎదురవుతుంది: సైడ్‌బార్‌లో ‘అథెంటికేషన్’ అనో ‘డిప్లాయ్‌మెంట్’ అనో ఉన్న విభాగం పేరు మీద నొక్కితే ఏం తెరుచుకోవాలి? ఏ పేజీ తెరుచుకోకుండా కింద ఉన్న పేర్లు మాత్రం విప్పుకోవచ్చు. డాక్యుమెంటేషన్ సైట్‌ను తయారుచేసే టూల్ తనంతట తాను పేర్చిన లింకుల జాబితా రావచ్చు. వరుసగా పేర్చిన కార్డులు రావచ్చు. విభాగాన్ని పరిచయం చేసే నాలుగు పేరాలు రావచ్చు. ‘మీ పని ఇదైతే ఇటు వెళ్లండి’ అని దారి చూపే పట్టిక రావచ్చు. ఈ ఐదింటిలో ఒకదాన్ని ఎంచుకుని అన్ని విభాగాలనూ అదే మూసలో పోసేయడం చాలా జట్లకు అలవాటు. పైకి ఏకరూపత కనిపిస్తుంది గానీ, నలభై పేజీల రిఫరెన్సు తెరిచినవారికీ, మూడు ప్రత్యామ్నాయాల్లో ఏది తీసుకోవాలో తేలక వచ్చినవారికీ కావలసింది ఒకటి కాదు. అందువల్ల ఈ ఎంపికను సైట్ మొత్తానికి ఒకేసారి కాక, విభాగం వారీగా చేయడమే మంచిది.

డాక్యుమెంటేషన్ మొత్తానికి ఉండే హోమ్ పేజీ సంగతి వేరు. దాని మీద మార్కెటింగ్, డిజైన్ జట్ల ఆసక్తులు కూడా పనిచేస్తాయి కాబట్టి ఇక్కడ దాని జోలికి పోవడం లేదు. లోపలి విభాగం పేరు నొక్కితే తెరుచుకునే ఓవర్‌వ్యూ పేజీల గురించే ఈ పోలిక.

## ముందుగా తేల్చుకోవలసినవి

మొదటిది, పాఠకులు ఎటునుంచి వస్తున్నారన్నది. సెర్చ్ ఇంజిన్ ద్వారా వచ్చేవారు సాధారణంగా విభాగం మధ్యలో ఉన్న ఏదో ఒక పేజీలో దిగుతారు. అది తమకు కావలసిన పేజీ కాదని అర్థమయ్యాక, బ్రెడ్‌క్రంబ్ (పేజీ పైన, అది ఏ విభాగంలో ఉందో చూపే లింకుల వరుస) పట్టుకుని ఒక మెట్టు పైకి ఎక్కుతారు. వారికి పదాలు తెలుసు. ఆ పదాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో తెలియదు. ఉత్పత్తిని కొత్తగా వాడుతూ సైడ్‌బార్‌లో పైనుంచి కిందికి దిగేవారికి ఆ పదాలే తెలియవు. ‘సర్వీస్ అకౌంట్’ అన్న శీర్షిక మొదటి వర్గానికి సమాధానమైతే, రెండో వర్గానికి మరో ప్రశ్న. ఓవర్‌వ్యూ పేజీ ఏ వర్గానికి ఎక్కువగా పనికిరావాలో నిర్ణయించుకోకపోతే అది ఇద్దరికీ సగం సగమే పనికొస్తుంది.

రెండోది, విభాగంలోని పేజీల మధ్య ఉన్న సంబంధం. ఎంపికను అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది ఇదే అయినా, చర్చల్లో దీని ప్రస్తావన అరుదు. పేజీలు ఒక వరుసలో ఉండవచ్చు: ఇన్‌స్టాల్ చేయడం, కాన్ఫిగర్ చేయడం, పరీక్షించడం, ప్రొడక్షన్‌కు పంపడం. అవి ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావచ్చు: ఏపీఐ కీ, ఓఆత్, సర్వీస్ అకౌంట్ (ప్రోగ్రాములు మాట్లాడుకునే మార్గమైన ఏపీఐకి, అడుగుతున్నది ఎవరో నిరూపించే మూడు పద్ధతులు). అవి ఒకే జాతికి చెందిన అంశాల చిట్టా కావచ్చు: కమాండ్లు, ఎర్రర్ కోడ్లు, ఎండ్‌పాయింట్లు (ఏపీఐలో అభ్యర్థనలు పంపే చిరునామాలు). లేదా ఇంకెక్కడా ఇమడక ఒకచోట చేరినవి కావచ్చు. వరుసకు క్రమం చెప్పాలి, ప్రత్యామ్నాయాలకు తేడా చెప్పాలి, చిట్టాకు వెతుక్కునే వీలు ఇవ్వాలి. ఇక నాలుగో రకానికి ఓవర్‌వ్యూ పేజీ రాయడం మొదలుపెట్టి రెండో వాక్యం దగ్గరే ఆగిపోతే, సమస్య పేజీలో లేదు, విభజనలోనే ఉంది. ఓవర్‌వ్యూ రాయబోవడం ద్వారా ఆ సంగతి బయటపడటం కూడా ఒక లాభమే.

మూడోది నిర్వహణ. పేజీలు ఎంత తరచుగా చేరుతాయి, పోతాయి, పేర్లు మారతాయి? చేర్చేవారు టెక్నికల్ రైటర్లా, లేక తమ ఫీచర్ పేజీ ఒక్కటి పెట్టి వెళ్లిపోయే ఇంజినీర్లా? చేత్తో రాసిన జాబితాను తాజాగా ఉంచే మనిషి లేని చోట అది కొన్ని విడుదలల్లోనే పాతబడిపోతుంది.

నాలుగోది టూల్ ఇచ్చే సదుపాయం, ఐదోది స్క్రీన్ రీడర్‌లోనూ (తెరమీది పాఠ్యాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చిన్న తెరమీదా పేజీ ప్రవర్తించే తీరు. ఈ రెండూ ఆయా పద్ధతుల దగ్గర ప్రస్తావనకు వస్తాయి.

## పేజీ లేకుండా వదిలేయడం

దీన్ని బద్ధకంగా చూడనక్కర్లేదు. మూడు నాలుగు పేజీలున్న, శీర్షికలు తమంతట తామే అర్థమయ్యే విభాగానికి ఓవర్‌వ్యూ పేజీ పెడితే, పాఠకులకు కావలసిన సమాచారానికి ముందు ఒక అదనపు క్లిక్ పెట్టినట్టే. డాక్యుమెంటేషన్ సైట్లు తయారుచేసే టూళ్లలో ఒకటైన ఎమ్‌కేడాక్స్‌లో నావిగేషన్‌లోని విభాగం సహజంగానే ఒట్టి శీర్షిక. దానికి సొంత పేజీ ఉండదు. దాని మెటీరియల్ థీమ్‌లో సెక్షన్ ఇండెక్స్ సదుపాయాన్ని ఆన్ చేస్తేనే ఇండెక్స్ ఫైలు విభాగం పేరుకు అతుక్కుంటుంది. పేజీలోని విషయసూచికను ఎడమవైపు నావిగేషన్‌లో కలిపేసే సదుపాయంతో దీనికి పొసగదు కాబట్టి, ఆ అమరిక వాడుతున్నవారు రెండింటిలో ఒకటి వదులుకోవాలి.

ఈ పద్ధతికి ఉన్న అసలు లోటు యూఆర్ఎల్ లేకపోవడం. ‘అథెంటికేషన్ విభాగం చూడండి’ అని సపోర్ట్ జట్టు ఒక లింకు పంపాలనుకుంటే పంపడానికి ఏమీ ఉండదు. పేజీ అక్కర్లేదని నిర్ణయించుకున్నా, విభాగం చిరునామాను మొదటి పేజీకి దారి మళ్లించి ఉంచడం మంచిది; లేకపోతే చిరునామాలో చివరి ముక్క చెరిపేసి పైకి వెళ్లాలనుకునేవారికి 404 (‘పేజీ దొరకలేదు’ అన్న ఎర్రర్) ఎదురవుతుంది.

## దానంతట అది తయారయ్యే జాబితా

విభాగంలోని పేజీల పేర్లను, వీలుంటే వాటి వివరణలను, టూల్ బిల్డ్ సమయంలో, అంటే సైట్‌ను తయారుచేసేటప్పుడు, సేకరించి పేజీగా పేరుస్తుంది. కొత్త పేజీ చేరితే జాబితాలోనూ చేరుతుంది, తొలగిస్తే పోతుంది. చిట్టా రకం విభాగాలకు ఇంతకన్నా మెరుగైనది లేదు. రెండు వందల ఎర్రర్ కోడ్ల జాబితాను చేత్తో నిర్వహించాలనుకోవడం వృథా శ్రమ.

టూల్‌ను బట్టి దీని నాణ్యత చాలా మారుతుంది. స్ఫింక్స్ అనే టూల్‌లో టాక్‌ట్రీ డైరెక్టివ్ (విషయసూచికను పెట్టమని చెప్పే ఆదేశం) పేజీల శీర్షికలనే తెస్తుంది, వివరణలను తేదు. ఒక నమూనాకు సరిపోయే ఫైళ్లన్నిటినీ తెచ్చే గ్లాబ్ ఆప్షన్ వాడితే అవి ఫైలు పేర్ల అక్షర క్రమంలో వస్తాయి. వరుసగా చదవవలసిన విభాగంలో ‘configuration’ పేజీ ‘installation’ కన్నా ముందు కూర్చోవడానికి ఇదే కారణం. డాక్యుసారస్ అనే మరో టూల్‌లో ‘జనరేటెడ్ ఇండెక్స్’ ఎంచుకుంటే శీర్షికతో పాటు వివరణ కూడా వస్తుంది. అయితే ఆ వివరణ ఫ్రంట్ మ్యాటర్‌లో (ఫైలు పైభాగంలో పేజీ వివరాలు రాసే చోటు) రాసి లేకపోతే, పేజీ పాఠ్యంలోని మొదటి పంక్తినే తీసుకుంటుంది. ‘ఈ పేజీలో మనం’ అని మొదలయ్యే వాక్యాలు పదకొండు కార్డుల్లో పదకొండుసార్లు కనిపించే పేజీ మీరెప్పుడైనా చూసి ఉంటే, దాని పుట్టుక ఇదే.

ఇలాంటిదే మరో టూల్ హ్యూగోలో విభాగం పేజీకి ప్రత్యేకమైన ఫైలు పేరుంది: ఇండెక్స్ అన్న మాటకు ముందు అండర్‌స్కోర్ ఉండాలి. ఆ ఒక్క గుర్తు మరచిపోతే హ్యూగో ఆ ఫోల్డరును విభాగంగా కాక ఒకే పేజీగా లెక్కగట్టి, అందులోని మిగతా మార్క్‌డౌన్ (సాదా గుర్తులతో పాఠ్యం రాసే పద్ధతి) ఫైళ్లను ఆ పేజీకి అనుబంధాలుగా చూస్తుంది. దాంతో వాటికి సొంత పేజీలు తయారు కావు. బిల్డ్ విఫలం కాదు, హెచ్చరిక రాదు. నిన్నటిదాకా ఉన్న పేజీలు ఇవాళ కనిపించవు, అంతే. హ్యూగో మీద పనిచేసే డాక్సీ థీమ్ (కుబర్నెటీస్ డాక్యుమెంటేషన్ వాడేది ఇదే) విభాగం పేజీలో మీరు రాసిన పాఠ్యం కింద పిల్ల పేజీల జాబితాను తనే జోడిస్తుంది. వద్దనుకుంటే ఫ్రంట్ మ్యాటర్‌లో ఒక గుర్తుతో ఆపేయవచ్చు. పరిచయం మనిషిది, జాబితా యంత్రానిది అనే ఈ అమరిక చాలా సందర్భాలకు సరిపోయే మధ్యేమార్గం.

ఈ పద్ధతి బలహీనత ఒక్క మాటలో చెప్పవచ్చు: సైడ్‌బార్ అప్పటికే చెప్పినదాన్ని మరోసారి పెద్ద అక్షరాల్లో చెబుతుంది. వివరణలు లేని జనరేటెడ్ జాబితాకూ, పేజీ లేకపోవడానికీ తేడా దాదాపు శూన్యం.

## కార్డుల పేజీ

ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఇదే, అవసరానికి మించి వాడుతున్నదీ ఇదే. శీర్షిక, ఐకాన్, ఒక వాక్యం ఉన్న పెట్టెలను రెండు మూడు వరుసల్లో పేరుస్తారు. మెటీరియల్ థీమ్‌లో గ్రిడ్, డాక్యుసారస్‌లో కార్డుల కాంపోనెంట్ సిద్ధంగా ఉండటంతో పని తేలిక. మైక్రోసాఫ్ట్ లెర్న్ దీన్ని ఇంకా పకడ్బందీగా చేస్తుంది: అక్కడి ల్యాండింగ్ పేజీలను మార్క్‌డౌన్‌లో కాక యామల్ ఫైలుగా (పేరు, విలువల జతలుగా సమాచారం రాసే పద్ధతి) రాస్తారు, ఒక్కో కార్డులో లింకుల జాబితాలుంటాయి, ఒక్కో జాబితాకు ఓవర్‌వ్యూ, క్విక్‌స్టార్ట్, ట్యుటోరియల్, రిఫరెన్స్ వంటి రకాన్ని ప్రకటించాలి. అక్కడ కార్డు అంటే ఒక పేజీకి తొడిగిన చట్రం కాదు, ఒక పనికి సంబంధించిన లింకుల గుంపు. ఈ తేడా ముఖ్యం. ఒక్కో పేజీకి ఒక్కో కార్డు పెడితే అది జాబితాకు ఎక్కువ స్థలం ఇవ్వడం మాత్రమే. ఒక్కో అవసరానికి ఒక్కో కార్డు పెడితేనే కొత్త సమాచారం చేరుతుంది.

కార్డులన్నీ ఒకే పరిమాణంలో ఉంటాయి కాబట్టి అన్నీ సమాన ప్రాముఖ్యం ఉన్నవేనన్న భావన కలుగుతుంది. వందమందిలో తొంభైమందికి కావలసిన పేజీ, ఏడాదికి ఒకరు చూసే పేజీ పక్కపక్కనే ఒకే సైజు పెట్టెల్లో కూర్చుంటాయి. వరుస ఉన్న విభాగంలో ఇది మరీ ఇబ్బంది: గ్రిడ్‌ను అడ్డంగా చదవాలా, నిలువుగా చదవాలా అన్నది పాఠకుల ఊహకు వదిలేసినట్టవుతుంది. ఫోన్‌లో అవే కార్డులు ఒకదాని కింద ఒకటి చేరి, ఒక తెరలో సరిపోవలసిన జాబితా నాలుగైదు తెరలు సాగుతుంది.

స్క్రీన్ రీడర్ వాడేవారి సంగతి కూడా చూడాలి. కార్డు మొత్తాన్ని ఒకే లింకుగా చేస్తే శీర్షిక, వివరణ, ఐకాన్ ప్రత్యామ్నాయ పాఠ్యం అన్నీ కలిసి లింకు పేరుగా వినిపిస్తాయి. శీర్షిక మాత్రం లింకుగా ఉంచి, క్లిక్ ప్రాంతాన్ని స్టైల్‌షీటుతో కార్డంతా విస్తరించడం దీనికి తెలిసిన పరిష్కారం. ప్రతి కార్డు అడుగునా ‘మరింత చదవండి’ అని పెట్టడం అంతకన్నా చెడ్డది. లింకుల జాబితా ఒక్కటే తెరిచి వినేవారికి అదే మాట పదేపదే వినబడుతుంది. లింకు ఎక్కడికి తీసుకెళ్తుందో సందర్భం నుంచైనా తెలియాలన్నది డబ్ల్యూసీఏజీలో (వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు ఉన్న మార్గదర్శకాలు) ‘A’ స్థాయి నియమం (2.4.4), అంటే కనీస స్థాయి.

నాలుగు నుంచి ఆరు సమాన స్థాయి ఉపవిభాగాలు ఉన్నప్పుడు, వాటి మధ్య ఏ వరుసా లేనప్పుడు కార్డులు బాగా నప్పుతాయి. అంతకు మించితే మామూలు జాబితానే నయం.

## పరిచయ వ్యాసం

విభాగం దేని గురించి, అందులోని భావనలు ఒకదానికొకటి ఎలా సంబంధించాయి, ఎవరికి ఏది అవసరం అన్నది పేరాల్లో చెప్పి, ఆ పేరాల్లోనే లింకులు ఇవ్వడం ఈ పద్ధతి. ప్రత్యామ్నాయాలున్న విభాగానికీ, కొత్త భావనలు పరిచయం చేసే విభాగానికీ దీన్ని మించింది లేదు. సెర్చ్‌లో దొరికే అవకాశం కూడా దీనికే ఎక్కువ, ఎందుకంటే పేజీలో నిజంగా పాఠ్యం ఉంటుంది.

అయితే రాయడం కష్టం, చెడగొట్టడం సులువు. ‘అథెంటికేషన్ ఆధునిక అప్లికేషన్లలో అత్యంత కీలకమైన అంశం. ఈ విభాగంలో మీరు అథెంటికేషన్ గురించి తెలుసుకుంటారు’ అని మొదలయ్యే పేజీలో మొదటి వాక్యం పాఠకులకు ముందే తెలుసు, రెండోది శీర్షిక ముందే చెప్పింది. వాటి స్థానంలో ఇలా రాయవచ్చు: ‘ఏపీఐకి పంపే ప్రతి అభ్యర్థనతో పాటు ఒక టోకెన్ ఉండాలి. మీ ప్రోగ్రాము తన సొంత పేరు మీదే పనిచేస్తుంటే ఆ టోకెన్‌ను సర్వీస్ అకౌంట్ ద్వారా పొందండి; వేరే వినియోగదారు తరఫున పనిచేస్తుంటే ఓఆత్ వాడండి. ఏపీఐ కీ ఈ రెండింటికన్నా తేలికే గానీ గడువు ఉండదు కాబట్టి, పరీక్షలకు మాత్రమే వాడమని సలహా.’ మూడు వాక్యాల్లో మూడు పేజీలకూ తేడా తెలిసిపోయింది, ఎవరికి ఏదన్నదీ తేలిపోయింది. విభాగంలో అడుగుపెట్టిన చాలామంది మిగతా రెండు పేజీలు తెరవకుండానే తమ పేజీకి చేరుకుంటారు.

పేరాలలో లింకులు ఇమిడిపోతే, పదాలు ముందే తెలిసినవారికి చూపు పరిగెత్తించడం కష్టమన్నది నిజమే. అందుకని పరిచయం కింద గుంపులుగా విడదీసిన చిన్న జాబితా కూడా ఉంచాలి. స్ఫింక్స్ వాడేవారు టాక్‌ట్రీని హిడెన్‌గా పెట్టి, పేజీలో కనిపించే పాఠ్యాన్ని తమ ఇష్టప్రకారం రాసుకోవచ్చు. సైడ్‌బార్ మాత్రం ఆ దాగిన టాక్‌ట్రీ నుంచే తయారవుతుంది. డాక్యుసారస్‌లో జనరేటెడ్ ఇండెక్స్‌కు శీర్షిక, వివరణ మాత్రమే ఇవ్వగలం, పేరాలు రాయలేం. అందువల్ల విభాగానికి మామూలు డాక్యుమెంటును అనుసంధానించి, అందులో పరిచయం రాసి, చివర కార్డుల జాబితా కాంపోనెంట్‌ను పిలవాలి.

జాబితాలోని గుంపుల గురించి డాక్యుమెంటేషన్‌ను పాఠకుల అవసరాలను బట్టి విభజించే డయాటాక్సిస్ పద్ధతి రూపకర్త డానియెలె ప్రోచీదా ఇచ్చే సలహా పనికొచ్చేది: పొడవైన జాబితాలు మనుషులకు చదవడం కష్టం కాబట్టి, సుమారు ఏడు అంశాలను సౌకర్యమైన హద్దుగా భావించి, అది దాటితే చిన్న గుంపులుగా విడగొట్టమంటారు. యాంత్రికంగా ఉన్న క్రమంలో చదివే అక్షరమాల జాబితాలకు ఈ హద్దు వర్తించదని గుర్తుంచుకుంటే చాలు.

## దారి చూపే పట్టిక

ఎడమ గడిలో పాఠకుల పరిస్థితి, కుడి గడిలో వెళ్లవలసిన పేజీ. ‘పాత వెర్షన్ నుంచి మారుతున్నాను’, ‘ఇంటర్నెట్ లేని నెట్‌వర్క్‌లో పెట్టాలి’, ‘ఒకే మెషీన్ మీద ప్రయత్నించి చూడాలి’ వంటివి. ఇన్‌స్టాలేషన్, మైగ్రేషన్, డిప్లాయ్‌మెంట్ విభాగాలకు ఇది దివ్యంగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడికి వచ్చేవారికి తమ పరిస్థితి తెలుసు, ఉత్పత్తి పరిభాష తెలియదు.

పరిస్థితులు ఎక్కణ్నుంచి రావాలన్నదే చిక్కు. డాక్యుమెంటేషన్ జట్టు గదిలో కూర్చుని ఊహించిన పరిస్థితులు సాధారణంగా పేజీ శీర్షికలకే ప్రశ్న రూపాలు: ‘ఓఆత్ కాన్ఫిగర్ చేయాలనుకుంటున్నారా? ఓఆత్ కాన్ఫిగరేషన్ పేజీ చూడండి.’ అలాంటి పట్టిక ఉన్నా లేకపోయినా ఒకటే. సపోర్ట్ టికెట్లలో, సైట్ సెర్చ్ లాగ్‌లలో వాడుకరులు రాసిన మాటలనే ఎడమ గడిలో పెడితే పట్టికకు ప్రాణం వస్తుంది. అంత ముడిసరుకు అందుబాటులో లేని కొత్త ఉత్పత్తికి ఈ పద్ధతి ఇంకా తొందరే.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | నప్పే విభాగం | కొత్తవారికి | తెలిసినవారికి | నిర్వహణ |
|---|---|---|---|---|
| పేజీ లేకపోవడం | మూడు నాలుగు స్పష్టమైన పేజీలు | సాయం లేదు | వేగం | లేదు |
| జనరేటెడ్ జాబితా | చిట్టా, రిఫరెన్సు | వివరణలుంటే కొంత | బాగుంది | వివరణలు రాయడం వరకే |
| కార్డులు | సమాన స్థాయి ఉపవిభాగాలు | ఫర్వాలేదు | స్థలం వృథా | మధ్యస్థం |
| పరిచయ వ్యాసం, చిన్న జాబితా | ప్రత్యామ్నాయాలు, కొత్త భావనలు | చాలా మేలు | జాబితా ఉంటే బాగుంది | భావనలు మారినప్పుడు |
| దారి చూపే పట్టిక | ఇన్‌స్టాలేషన్, మైగ్రేషన్ | చాలా మేలు | అక్కర్లేదు | ప్రతి పెద్ద విడుదలకూ |

వరుస రకం విభాగం ఈ పట్టికలో కనిపించకపోవడానికి కారణం ఉంది: దానికి అంకెలు వేసిన జాబితా, దాని పైన మొత్తం ప్రక్రియను చెప్పే ఒక పేరా సరిపోతాయి. దానికోసం ప్రత్యేకమైన పద్ధతి అక్కర్లేదు. అంకెలను తీసేసి కార్డులుగా మార్చాలన్న కోరికను అదుపులో పెట్టుకుంటే చాలు.

## ఏ పద్ధతైనా తప్పని పని: ఒక్క వాక్యపు వివరణ

పై పద్ధతుల్లో మూడింటి నాణ్యతను తేల్చేది పేజీ రూపం కాదు, ప్రతి పిల్ల పేజీకీ ఉండే ఒక్క వాక్యపు వివరణ. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 2005లో ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణంగా వెలువడిన డీఐటీఏలో (సాంకేతిక పాఠ్యాన్ని విడి టాపిక్‌లుగా రాసే పద్ధతి) ప్రతి టాపిక్‌కూ చిన్న వివరణ కోసం ప్రత్యేకమైన ఎలిమెంట్ ఉంది. తల్లి పేజీలో లింకుల పక్కన కనిపించేది ఆ వివరణే. ఇప్పటి టూళ్లలో అదే పాత్రను ఫ్రంట్ మ్యాటర్‌లోని డిస్క్రిప్షన్ పోషిస్తోంది. వివరణ పేజీలోనే ఉంటుంది కాబట్టి, పేజీని మార్చినవారు దాన్ని కూడా మార్చే అవకాశం ఎక్కువ. ఎక్కడో ఉన్న ఓవర్‌వ్యూ పేజీలో విడిగా రాసిన వాక్యానికి ఆ అదృష్టం ఉండదు.

మంచి వివరణ శీర్షికను తిరిగి చెప్పదు. ‘టోకెన్ రొటేషన్’ అన్న పేజీకి ‘టోకెన్ రొటేషన్ గురించి సమాచారం’ అని రాస్తే ఏమీ చేరలేదు. ‘సేవ ఆగకుండా పాత టోకెన్ స్థానంలో కొత్తది పెట్టే విధానం; రెండూ ఒకేసారి చెల్లే వ్యవధిని ఎలా పెంచాలి’ అని రాస్తే, ఆ పేజీ తమకు అవసరమో కాదో తెరవకుండానే తెలుస్తుంది. పక్క పేజీతో తేడా చెప్పడం వివరణ అసలు పని. అందుకే వివరణలను పేజీకి ఒకటి చొప్పున విడివిడిగా కాక, విభాగంలోని అన్నిటినీ ఒకచోట పెట్టుకుని ఒకే విడతలో రాయాలి. రెండు పేజీలకు తేడా తెలిపే వాక్యం ఎంతకీ కుదరకపోతే, ఆ రెండిటినీ కలిపేయవలసిన సమయం వచ్చిందేమో చూడాలి.

వివరణ లేని పేజీని బిల్డ్ దశలోనే ఆపేసే చిన్న స్క్రిప్టు రాసుకోవడం పెద్ద పని కాదు. తెగిపోయిన లింకులకు కాపలా ఎలాగూ టూళ్లలోనే ఉంది: ఎమ్‌కేడాక్స్‌లో హెచ్చరిక వస్తే ఆగిపోయే స్ట్రిక్ట్ బిల్డ్, స్ఫింక్స్‌లో హెచ్చరికలను ఎర్రర్లుగా మార్చే ఆప్షన్ పనికొస్తాయి; డాక్యుసారస్ అయితే ప్రొడక్షన్ బిల్డ్‌లో తెగిన లింకు కనిపిస్తే అడగకుండానే ఆగిపోతుంది.

## మీ పరిస్థితికి ఏది?

ఒక్కరే రాస్తూ, ఇంజినీర్లు పేజీలు చేరుస్తూ పోయే జట్టు మీదైతే, జనరేటెడ్ జాబితాతో మొదలుపెట్టి, సమయమంతా వివరణల మీద పెట్టండి. పరిచయ వ్యాసాలను రెండు మూడు విభాగాలకే పరిమితం చేయండి. ఏ విభాగంలో పాఠకులు ఎంపిక చేసుకోవలసి వస్తుందో అక్కడ మాత్రమే. అన్ని విభాగాలకూ రాయాలని కూర్చుంటే పలచని పేరాలు తప్ప ఏమీ మిగలవు.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో అసలు సమస్య వ్యాసం రాయడం కాదు, దాన్ని తర్వాత సరిచూడటం. ఎవరో ఉత్సాహంగా రాసిన అందమైన ఓవర్‌వ్యూ, రాసినవారు వెళ్లిపోయాక ఎవరూ ముట్టుకోని పేజీగా మిగులుతుంది. పరిచయాన్ని నాలుగైదు వాక్యాలకు కుదించి, అందులో వెర్షన్ సంఖ్యలు, ఫీచర్ల లెక్కలు లేకుండా చూసుకుంటే అది ఎక్కువకాలం నిలుస్తుంది. విభాగాలను పేజీల రకాన్ని బట్టి విడదీసిన జాంగో డాక్యుమెంటేషన్‌ను గమనించండి: ట్యుటోరియళ్లు, టాపిక్ గైడ్లు, రిఫరెన్సు, హౌ టు గైడ్లు ఒక్కోటి ఎందుకున్నాయో ఒకటి రెండు వాక్యాల్లో చెబుతుంది. కొత్త ఫీచర్లు చేరినా ఆ వాక్యాలు మారవలసిన అవసరం రాదు.

పెద్ద సంస్థలో, అనేక ఉత్పత్తులకు ఒకే సైట్ ఉన్నప్పుడు ఏకరూపత కోసం ఒత్తిడి సహజం. అక్కడ ఒకే టెంప్లేట్‌ను రుద్దడం కన్నా, మూడు టెంప్లేట్లు (రిఫరెన్సు విభాగానికి, ఎంపిక విభాగానికి, వరుస విభాగానికి) ఇచ్చి, ఏది ఎప్పుడన్న నియమాన్ని స్టైల్ గైడులో రాయడం మేలు. దారి చూపే పట్టికకు కావలసిన సపోర్ట్ టికెట్లు కూడా సాధారణంగా ఇలాంటి చోటే దొరుకుతాయి.

ఏపీఐ రిఫరెన్సును స్పెసిఫికేషన్ ఫైలు నుంచి నేరుగా తయారుచేసేవారు ఆ విభాగానికి ఒక్క పేజీ మాత్రం చేత్తో రాయాలి: బేస్ యూఆర్ఎల్, అథెంటికేషన్ విధానం, పేజినేషన్ (పెద్ద ఫలితాలను విడతలుగా ఇవ్వడం), రేట్ లిమిట్ (ఒక వ్యవధిలో పంపగల అభ్యర్థనల హద్దు), ఎర్రర్ల రూపం. ఇవి ఏ ఒక్క ఎండ్‌పాయింటుకూ చెందవు, అన్నిటికీ వర్తిస్తాయి. వీటికి తగిన చోటు ఓవర్‌వ్యూ పేజీయే.

ఎంచుకున్నది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి పేజీ వీక్షణల సంఖ్య పెద్దగా సాయపడదు. ఓవర్‌వ్యూ పేజీ బాగుంటే జనం అక్కడ ఎక్కువసేపు ఉండరు, బాగోకపోయినా ఉండరు. ఉత్పత్తి గురించి అంతగా తెలియని వ్యక్తికి ఒక పని చెప్పి, ఓవర్‌వ్యూ పేజీ చూపించి, మొదటి క్లిక్ ఎక్కడ పడుతుందో చూడటం అంతకన్నా నమ్మదగిన పరీక్ష. ఓవర్‌వ్యూ నుంచి ఒక పేజీకి వెళ్లి, వెంటనే వెనక్కి వచ్చి, పక్క పేజీకి వెళ్లేవారు ఎక్కువగా ఉంటే, ఆ రెండు పేజీల వివరణల మధ్య తేడా తెలియడం లేదని అర్థం.

## ఒక పద్ధతి నుంచి మరో పద్ధతికి మారేటప్పుడు

విభాగం పెరిగేకొద్దీ పద్ధతి మారుతుంది: మొదట పేజీ లేని విభాగానికి తర్వాత జాబితా, ఆ తర్వాత పరిచయం చేరడం మామూలే. మారేటప్పుడు యూఆర్ఎల్ మారకుండా చూసుకోవాలి. డాక్యుసారస్ జనరేటెడ్ ఇండెక్స్ పేజీలకు ‘కేటగిరీ’ అన్న మాట కలిగిన చిరునామాను తనంతట తాను ఇస్తుంది. దాని స్థానంలో చేత్తో రాసిన డాక్యుమెంటు పెడితే చిరునామా ఫోల్డరు పేరుకు మారిపోతుంది. సైట్ లోపలి లింకులు తెగితే బిల్డ్ చెబుతుంది గానీ, బయటివారు పెట్టుకున్న బుక్‌మార్కుల సంగతి చెప్పదు. మొదటి రోజే స్లగ్‌ను (చిరునామాలో ఆ పేజీకి చెందిన భాగం) స్పష్టంగా రాసి ఉంచితే ఈ చిక్కు రాదు. ఇప్పటికే రాయకపోయి ఉంటే, పాత చిరునామాలన్నిటినీ జాబితా చేసి, ఒక్కోదానికీ రీడైరెక్టు పెట్టాకే కొత్త పేజీని విడుదల చేయండి.